పొయ్యి కింది కన్నం

మా పెరట్లో నిలిపిన కారవాన్ ముందు మూల గోడను బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. టీలో నానిన బిస్కెట్టులా ఉంది. "చూశావా, నీ కెటిల్ నిర్వాకం," అన్నాడు ఎమ్లిన్ వెనక నుంచి. గోడలు చెమ్మెక్కినప్పుడల్లా నా మొగుడు అనే మాట ఇదే. నేను టీ పెట్టానట, తడిగుడ్డలు లోపల ఆరేశానట, ఊపిరి పీల్చానట. ఊపిరి మాట నిజంగానే అన్నాడు ఒకసారి, టెన్‌బీ సముద్రం ఒడ్డున, వాళ్ళమ్మ ముందు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా నవ్వు మీదే నాకు ఒళ్ళు మండుతుంది.

కారు వెనక కట్టుకుని సెలవులకు తీసుకెళ్ళే ఈ బండి ఇంటిని శనివారానికల్లా బాగుచేసి మా అమ్మాయి కారిస్‌కి ఇవ్వాలి. నెలల పసిగుడ్డుతో మొదటిసారి సెలవులకు వెళ్తోంది. ఎమ్లిన్‌కి నడుము నొప్పి కాబట్టి పని నాది, అజమాయిషీ అతనిది. బడి వంటగదిలో పిల్లలందరికీ వండి వార్చి వచ్చి, అదే ఏప్రన్‌తో కారవాన్‌లో మోకాళ్ళ మీద కూర్చున్నాను. బోర్డు ఊడదీస్తే దాని వెనక చట్రం చెక్క నల్లగా ఉంది, వేళ్ళతో నలిపితే తడి పొడి రాలింది. వాసన గొంతులో పట్టుకుంది. "తవ్వకు, గ్లెన్," అన్నాడు అతను. "మీద కొత్త బోర్డు కొట్టి కాగితం అంటించు. వారం రోజుల ముచ్చటకి చాలు." మా ఇంట్లో అన్నిటికీ అదే వైద్యం.

నేను ఆగలేదు. కుళ్ళు ఎక్కడిదాకా పోయిందో చూడాలనిపించింది. గోడ దిగి, నేల పట్టుకుని, వంట మూల వైపు పోయింది. గ్యాస్ పొయ్యి ఉండేది ఆ మూలే. ఆ చోటు అంటేనే నాకు పడదు. ప్రతి సెలవుల్లోనూ రెండో రోజుకల్లా నాకు తల పగిలిపోయేది, వాంతులు, కాళ్ళలో సత్తువ ఉండేది కాదు. అత్తా మొగుడూ బయట గుడారం పందిరి కింద కుర్చీలు వేసుకుని సముద్రం చూసేవాళ్ళు. నేను లోపల బేకన్ వేయించేదాన్ని, పెనం మీద తీపి రొట్టెలు కాల్చేదాన్ని, టీ తరవాత టీ కాచేదాన్ని. కిటికీ తెరిస్తే మా అత్త ఈనిడ్ మెడకి గాలి తగిలేది, అందుకని మూసే ఉండాలి. "మా కోడలు తలనొప్పిని బట్టలతో పాటే సర్దుకుని తెచ్చుకుంటుంది. గిన్నెలు కడగాల్సిన వేళకి బయటికి తీస్తుంది," అనేది పక్క కారవాన్ వాళ్ళతో. ఎమ్లిన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి నాకు నరాల బలహీనత అని అతనే చెప్పాడు. మాత్రలు రాశారు, మింగాను. అన్నేళ్ళూ నేనే ఏదో లోపం ఉన్న మనిషిననుకున్నాను, అది తలుచుకుంటే ఏడుపొస్తుంది.

పొయ్యి కింది అల్మారా అడుగు పలక పుచ్చిపోయింది. దాన్ని ఎత్తేసరికి నేలలో ఇనప జాలీ బిగించిన ఒక కన్నం కనిపించింది, కారవాన్‌తో పాటే పెట్టి ఇచ్చినది. అందులో ఏదో గట్టిగా కుక్కి ఉంది. పక్కనే చిన్న రేకు. బూజు తుడిచి చదివాను. గాలి రావడానికి పెట్టిన కన్నం, దీన్ని మూయరాదు, ప్రాణాపాయం. బడి వంటగదిలో గ్యాస్ పొయ్యిల పైన అంటించిన కాగితం గుర్తొచ్చింది. గాలి ఆడని చోట పొయ్యి వెలిగిస్తే తలనొప్పి, వాంతులు, మత్తు, ఆ తరవాత మెలకువ రాకపోవడం. రోజూ ఆ కాగితం కిందే నిలబడి కూరలు కలుపుతాను.

కుక్కింది బయటికి లాగాను. నీలం ఉన్ని. మా అమ్మ అల్లిన నా స్వెట్టర్. ఒక టెన్‌బీ ప్రయాణంలో కనపడకుండా పోయింది. "నీ తల ఒక్కటే మెడకి అతుక్కుని ఉంది కాబట్టి పోలేదు," అన్నాడు అప్పుడు ఎమ్లిన్, నేను అన్నీ వెతుక్కుంటూ ఏడుస్తుంటే. కన్నానికి సరిపోయేలా కత్తెరతో శుభ్రంగా కత్తిరించాడు. బొత్తాలు లేవు. అతని మేకుల డబ్బాలో ఉన్న నీలం బొత్తాలు నేను ఎన్నిసార్లు పక్కకి తోశానో. పనికొస్తాయని ముందే కోసి దాచుకున్నాడన్నమాట.

దాన్ని పట్టుకుని బయటికి వచ్చాను. వాన తుంపర పడుతోంది.

"అదెందుకు పీకావు?" అన్నాడు. "కాళ్ళకి చలి కొడుతోందని అమ్మ గోల పెడితే కుక్కాను."

"ఇది నా స్వెట్టర్."

"చేతికి అదే దొరికింది."

"పక్కన రాసింది చదివావా?"

"అన్నిటి మీదా అట్లాగే రాస్తారు, గ్లెన్. ఇన్నేళ్ళు తిరిగాం, ఎవరన్నా పోయారా? మళ్ళీ కుక్కు. పసిదానికి చలి."

కారిస్ కళ్ళ ముందు కనపడింది. కిటికీ మూసి, పిల్లని చంకనేసుకుని పాలు కాస్తూ, తల పట్టుకుని. మా అల్లుడు మంచివాడే, కానీ వాడూ బయట కుర్చీలోనే కూర్చుంటాడు.

స్వెట్టర్ ముద్దని ఎమ్లిన్ చేతిలో పెట్టాను. "నువ్వే కుక్కు. కిటికీలు మూసుకో. పొయ్యిలన్నీ వెలిగించుకుని పొద్దు వాలేదాకా లోపలే కూర్చో, బేకన్ వేయించుకో. నేను బయట కుర్చీలో ఉంటా. నీకేమీ కాకపోతే శనివారం కారిస్‌ని పంపుదాం."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు. కారవాన్ మెట్టు మీద ఒక కాలు పెట్టి లోపల పొయ్యి వంక చూశాడు. చాలాసేపే చూశాడు. తరవాత కాలు కిందికి దించాడు.

"టీ ఇంట్లోనే పెట్టులే," అన్నాడు నా మొహం చూడకుండా.

అతనికి మొదటినుంచీ తెలుసు. అతను అక్కడ నిలబడి ఉండగానే ఫోన్ తీసి కారిస్‌కి చేశాను.

"కారవాన్ రాదమ్మా," అన్నాను. "నేనొస్తున్నాను. నాకు పడక ఎక్కడ వేస్తావో చూసి పెట్టు."