దుప్పటి కింద మనిషి

అత్తగారు సంచి సర్దుకుంటుంటే కోడలు పాపను ఎత్తుకుని పక్కనే నిలబడి చూస్తోంది. నాలుగు చీరలు, కళ్లజోడు డబ్బా, మోకాళ్ల నూనె సీసా ఒక్కొక్కటే లోపలికి పోతుంటే గది బోసిపోతోంది. బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి నీళ్లు పోసింది ఆవిడే, జోకొట్టిందీ ఆవిడే. తల్లి లేని కోడలికి, తిననని మొరాయించినా, పక్కన కూర్చుని ముద్దలు పెట్టింది కూడా. ఇప్పుడు ఆవిడ అక్క మంచాన పడింది. మధ్యాహ్నం బస్సుకు వెళ్లక తప్పదు.

అందుకే ఫొటోలు ఆ ఉదయానికే పెట్టించింది కోడలు. ఫొటోగ్రాఫరమ్మ ముందే ఫోన్లో చెప్పింది: "కొత్త బట్టలు, బుట్టలు, బొమ్మలు ఏమీ వద్దండీ. వెలుగొచ్చే కిటికీ, తెల్ల దుప్పటి, కడుపు నిండిన బిడ్డ. మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి."

కోడలికి కావలసింది ఒక్కటే: నాయనమ్మ ఒళ్లో పాప. తన తల్లి ఒళ్లో తానున్న ఫొటో లేదు. ఇంటికి కెమెరా ఎప్పుడొచ్చినా ఆ తల్లి వంటింట్లోనే ఉండిపోయేది.

ఆ మాట చెప్పగానే అత్తగారు సంచి జిప్పు సర్రున లాగింది. "మీరు ఎన్నైనా దిగండి. ప్రయాణం పెట్టుకుని నేను దిగను. మీ మామగారు దిగారుగా, ఉద్యోగానికి పోతూ, గుమ్మంలో నిలబడి! ఫొటో మిగిలింది, మనిషి రాలేదు."

ఫొటోగ్రాఫర్ వచ్చి, చెప్పులు విప్పి, నేల మీదే చతికిలబడింది. పాప పాలు తాగింది గానీ పడుకోలేదు. తండ్రి ఎత్తుకుంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"గాజు పళ్లెం మోస్తున్నట్టు పట్టుకున్నావేంట్రా!" అంది అత్తగారు. "నీకు భయం, దానికి కోపం."

"తొందరేం లేదండీ. ఇవాళ నాకు ఇంకో పని లేదు," అంది ఫొటోగ్రాఫర్.

"నీకు లేదు తల్లీ, నాకు బస్సుంది," అంటూ ఆవిడ బిడ్డను అందుకుని మంచమెక్కింది. పాప టక్కున నోరు మూసింది. పక్క మీద పెడితే మళ్లీ మొదలు.

చివరికి ఉపాయం ఆవిడే చెప్పింది. "నామీద దుప్పటి కప్పేయండి. ఒడి నాది, ఫొటో మీది."

తల మీంచి కప్పి, ఆ ఒడిలో పాపను పడుకోబెట్టి, అటూ ఇటూ తల్లీ తండ్రీ ఒదిగారు.

"అమ్మా, ఊపిరాడుతోందా?" అన్నాడు కొడుకు.

"నా ఊపిరి సంగతి నీకెందుకు, నువ్వు పొట్ట లోపలికి పీల్చు," అంది దుప్పటి.

ఫొటోగ్రాఫర్ నవ్వాపుకోలేకపోయింది. తీసిన ఫొటోను కెమెరా తెర మీద చూపించింది. తెల్లటి గుట్ట మీద పాప ముచ్చటగా నిద్రపోతోంది. కోడలికి మాత్రం ఆ గుట్టే కనబడింది.

"అత్తయ్యా," అని వంగింది. "మామయ్యగారు వెళ్లేనాటికి మీ అబ్బాయి ఎంత?"

"అడుగులు కూడా రాలేదు వాడికి."

"మరి వాళ్ల నాన్న మొహం ఈయనకి ఎలా తెలుసు?"

కొడుకు తల వంచుకుని పాప పాదం నిమురుతున్నాడు.

కాసేపటికి ఒక చెయ్యి బయటికొచ్చి దుప్పటిని మెడదాకా లాగింది. "పిచ్చుక గూడులా ఉన్నాను. దువ్వెన అందివ్వవే."

"వద్దు. రోజూ దాన్ని ఇలాగే ఎత్తుకున్నారు."

అత్తగారు కెమెరా వైపు చూడలేదు. పాపనే చూసింది. ఫొటోగ్రాఫర్ కూడా ఇటు చూడమనలేదు.

"మీరే లేకపోతే మేం ఏమైపోయేవాళ్లమో," అంది కోడలు.

"చాల్లే, బస్సు పోతుంది," అంది ఆవిడ. కోడలి తల మీద పెట్టిన చెయ్యి మాత్రం తీయలేదు.

ఇప్పుడు మాటలొచ్చిన పాప ఆ ఫొటో మీద వేలు పెట్టి, ఎవరూ అడక్కుండానే, "నానమ్మ" అంటుంది.

అత్తగారు మళ్లీ ఆ ఇంటికి రాలేదు. పాపకు తొమ్మిదో నెలలో, వానలు మొదలైన వారం, అక్కగారింట్లో నిద్రలోనే పోయింది.