నాలుగో ట్యాంకు జాబితా

తెర మీద ‘కాపీ పూర్తయింది’ అని ఆకుపచ్చ అక్షరాల్లో వచ్చినా పైడయ్య నమ్మలేదు. రోజూలాగే వాల్వు గదికి చేరిన జాబితాను తెరిచి, చూపుడువేలి గోరు తెరకు ఆనించి, ఒక్కొక్క పేరే చదువుకుంటూ కిందికి పోయాడు.

వన్ టౌన్ దాటాక, ఓడరేవు పక్కనున్న ఆ రసాయనాల గిడ్డంగిలో అతనిది ఇరవై రెండేళ్ల కొలువు. సన్నటి మనిషి, ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. ట్యాంకులు కడగడానికి దిగేవాళ్ల పేర్లు కంప్యూటర్లో ఎక్కిస్తాడు. వాటిని వాల్వు గదికి చేర్చేది ఒక చిన్న స్క్రిప్టు. అది జాబితాను కాపీ చేస్తుంది, ఆ సంగతి లాగ్ అనే చిట్టాలో రాస్తుంది, ఆ తరవాత తప్పేమైనా జరిగిందా అని చూసుకుంటుంది. అప్పటికి దానికి దొరికేది లాగ్ రాయడం సరిగా జరిగిందా అన్నదానికి జవాబే, కాపీకి కాదు. కాపీ మధ్యలో ఆగిపోయినా పూర్తయిందనే చెబుతుంది. ఈ సంగతి షిఫ్ట్ ఇంజనీరు శ్రీసత్యకు రెండుసార్లు చెప్పాడు. స్క్రిప్టు రాసినవాళ్లకు మెయిల్ పెట్టానంది ఆమె.

వేలు నాలుగో వరుస దగ్గర ఆగింది. నాలుగో ట్యాంకు ఎదుట ‘ఖాళీ’ అని ఉంది. పైన తేదీ చూశాడు. నిన్నటిది.

ఆ ట్యాంకు పని నిన్నటితో అయిపోవలసింది. అడుగున మడ్డి మిగిలిందని నూకాలూ మరో ముగ్గురూ పొద్దున మళ్లీ దిగారు. పదకొండింటికి వాల్వు గది నుంచి అందులోకి నైట్రోజన్ వదలాలి; అది నిండితే లోపలివాళ్లకు ఊపిరాడదు. గడియారంలో పది యాభై రెండు.

వాల్వు గదికి ఫోన్ చేశాడు. ఎంగేజ్. మళ్లీ చేశాడు. ఎంగేజ్.

రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేసినప్పుడు మెట్లెక్కవద్దన్నారు. వాల్వు గది రెండో అంతస్తు. ఇనప మెట్లు ఎండకు కాలిపోతున్నాయి. కమ్మీ పట్టుకుని పరుగెత్తాడు. తలుపు తోసేసరికి శ్రీసత్య ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, స్విచ్చు మీద వేలు పెట్టి ఉంది.

“వాల్వు తియ్యకండి మేడమ్. నాలుగో దాంట్లో మనుసులున్నారు.”

“ఖాళీ అని ఉంది కదా పైడయ్యగారూ?”

“అది నిన్నటిది. నాను సూసొచ్చినాను.”

ఆమె వేలు వెనక్కి తీసింది. మైకులో అందరినీ పైకి రమ్మంది. వస్తున్నామని కింద నుంచి కేక వినబడింది. పైడయ్య అదీ నమ్మలేదు. మెట్లు దిగి ట్యాంకు దగ్గరికి నడిచాడు, అక్కడి దిమ్మె మీద కూలబడ్డాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

నూకాలు తన సీసా మూత తీసి అందించాడు. “అందరం వచ్చేసినాం బావ.”

పైడయ్య రెండు గుక్కలు తాగి సీసా పక్కన పెట్టాడు. మడ్డి పూసుకున్న ముఖాల వైపు వేలు చాపి ఒకటీ రెండూ అంటూ లెక్కపెట్టాడు. నాలుగు దగ్గర తల ఊపి, గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు. అలసిపోయాడనుకుని కాసేపు ఎవరూ కదపలేదు.

అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది.

మధ్యాహ్నం శ్రీసత్య మెయిలుకు జవాబు కోసం చూడలేదు. స్క్రిప్టు తనే తెరిచి, తప్పు చూసే వరుసను లాగ్ రాసే వరుసకు పైకి, కాపీ చేసే వరుసకు సరిగ్గా కిందికి జరిపింది. కిటికీ లోంచి కిందికి చూస్తే దిమ్మె మీద నూకాలు సీసా అలాగే ఉంది, సగం నీళ్లతో, మూత పక్కనే.