ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం

"మగోళ్లు అందరూ తినకముందే అంట్లు తోమగూడదని నీకు ఎన్నిసార్లు చెప్పల్ల?" అంటూ మా అత్త రామలక్ష్మమ్మ నా చేతిలోని గిన్నె లాక్కుంది.

మా ఆళ్లగడ్డ ఇంట్లో అదొక ఆచారం. ఆఖరి మగమనిషి తిని చెయ్యి కడుక్కునేదాకా అంట్ల మీద నీళ్లు పడకూడదు. మామ చెన్నకేశవులు పన్నెండున్నరకు తింటాడు. మరిది ట్రాక్టరు ఆపి మూడింటికి వస్తాడు. నా మొగుడు శ్రీకాంత్ పక్కగదిలోనే ఉంటాడు, కానీ పిలిచిన గంటకు గాని లేవడు. అందరి కంచాలూ ఎండి అట్టకట్టాక నాలుగింటికి ఆ కుప్పంతా గీకాల్సింది నేను.

నాకూ ఉద్యోగముందండీ. నాదీ శ్రీకాంత్‌దీ ఒకే హైదరాబాదు కంపెనీ, ఒకే టీము, ఇంటినుంచే పని. ఆయనకు తలుపున్న గది, తిరిగే కుర్చీ. నాకు వంటింట్లో బియ్యం డబ్బా పక్కన మడత బల్ల. "నువ్వు యాడ కూర్చున్యా పని జరుగుతాది గదా" అంటాడు. అది మెచ్చుకోలు అనుకుని చాలాకాలం మురిసిపోయాను. ఎంత తెలివితక్కువదాన్నో!

శిరివెళ్ల, మిడుతూరు, కొలిమిగుండ్ల పొలాల్లోని బోరు మోటార్లకు మా కంపెనీ చిన్న పెట్టెలు బిగించింది. మోటారు ఎంత వేడెక్కిందో అవి ఎడతెగకుండా అంకెలు పంపుతుంటాయి. వాటిని ఐదేసి నిమిషాల ముక్కలుగా చూస్తాం. ఒక్కో ముక్కను విండో అంటాం. నిమిషానికొక కొత్త విండో మొదలవుతుంది కాబట్టి ఒకే అంకెను ఐదు విండోల్లో ఐదుసార్లు దాచేవాళ్లం. పైగా సిగ్నలు అందని ఏ పెట్టె నుంచో ఆఖరి అంకె వచ్చేదాకా అన్నీ పోగేసుకుని కూర్చుని, అప్పుడు మొదటినుంచీ లెక్క కట్టేవాళ్లం. మోటారు కాలబోతోందన్న కబురు రైతుకు పదకొండు నిమిషాలు ఆలస్యంగా చేరేది. శిరివెళ్ల శివమ్మ మోటారు అట్లాగే కాలిపోయింది. ఫోన్లో ఆమె తిట్టిన తిట్లన్నీ విన్నది నేనే. రైతుల చేత తిట్లు తినే పని కూడా టీములో నాకే అప్పజెప్పారు మరి.

ఓ సాయంత్రం ఎండిన గిన్నెలు గీకుతూ లోపల మండిపోతుంటే తట్టింది. ఎప్పటివి అప్పుడే కడిగేస్తే కుప్ప ఎందుకు పడుతుంది? వచ్చిన అంకెను వచ్చినట్టే కూడికలో కలిపేసి వదిలెయ్యాలి. నిమిషానికొక చిన్న మొత్తం చాలు. అలాంటివి ఐదు కలిపితే ఒక విండో. పప్పు ఉడికేలోపు కొంత, మామ కునుకు తీసేలోపు కొంత, మూడు వారాల్లో ప్రోగ్రామంతా రాసి పూర్తి చేశాను. పదకొండు నిమిషాల ఆలస్యం పది సెకన్లకు దిగింది.

పైవాళ్లకు పంపే కాగితం మొదటి పేజీలో మాత్రం "రూపకల్పన: శ్రీకాంత్" అని ఉంది. అందులో ఎవరి పేరుంటే, ఈ పని కోసం పెట్టబోయే కొత్త టీముకు వాళ్లే పెద్ద.

"ఇంట్లో ఒకరికొస్తే ఇద్దరికీ వచ్చినట్లే" అన్నాడు.

"అయితే నా పేరే పెట్టు."

"కోడలి కింద కొడుకు పని చేస్తాండాడని నాయన నలుగురిలో చెప్పుకోవల్లనా?"

అప్పుడు నోరు మూసుకున్నాను. దానికి ఇప్పటికీ నా మీద నాకే కోపం.

గురువారం పన్నెండున్నరకు మీటింగు. "నేను చెప్తాలే, నువ్వు నాయనకు అన్నం పెట్టు" అని ఆయన గదిలోకి పోయాడు. నేను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటూ వడ్డిస్తున్నాను.

మా డైరెక్టరు ఎలిజబెత్ అడిగింది: "ఆలస్యంగా వచ్చే అంకెల్ని ఏం చేస్తారు శ్రీకాంత్?"

"వచ్చేదాకా ఆగుతాం మేడమ్. అన్నీ అట్లే పెట్టుకుంటాం."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. నేను తీసేసిందే అది కదా! ఎప్పుడొచ్చినా వేడన్నం దొరికే మనిషి, తనకోసం ఎవరో కాచుకుని ఉంటారని ఎందుకు ఆలోచిస్తాడు?

"అది పాత పద్ధతి. మరి మార్చిందేమిటి?"

మైకు ఆపేసి ఆయన వంటింటి గడపలోకి పరిగెత్తుకొచ్చాడు. "లేటుగా వచ్చేటివాటిని ఏం చేసినావ్? బేగా చెప్పు!"

"చెప్పు, వాడు అడుగుతాండాడు గదా" అంది అత్త.

"పప్పు ఎయ్యి" అన్నాడు మామ.

ముగ్గురికీ నా నుంచి ఏదో ఒకటి కావాలి. గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి తుడుచుకుని, మడత బల్ల ముందు కూర్చుని నా కెమెరా, మైకు తెరిచాను.

"నేను అర్చనను మేడమ్. ఎవరికోసమూ ఆగం. విండోను సమయానికి మూసి కబురు పంపేస్తాం. ఆలస్యంగా అంకె వస్తే అది ఏ నిమిషానిదో ఆ నిమిషపు కూడికను మాత్రమే సరిచేసి, సవరణ పంపుతాం. విండోలోని మిగతా నాలుగు నిమిషాల కూడికల్ని ముట్టుకోం."

ఆమె ఇంకో నాలుగు ప్రశ్నలు వేసింది. అన్నిటికీ జవాబు చెప్పాను. వెనక మామ పళ్లెం చప్పుడు చేస్తూనే ఉన్నాడు.

"ఇంతకీ ఈ రూపకల్పన ఎవరిది?" అంది ఎలిజబెత్.

శ్రీకాంత్ నా భుజం మీదుగా కెమెరాలోకి వంగాడు. "ఇద్దరం కలిసి చేసినాం మేడమ్" అని నవ్వాడు.

ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది. ఇప్పుడు తల ఊపితే జన్మంతా ఊపుతూనే ఉండాలి.

"కాదు మేడమ్," అన్నాను. "నేనొక్కదాన్నే చేశాను. ఆ పేజీలో ఆయన పేరు తీసేయండి."