అమ్ముడుపోని రంగు పేరు

ఆ పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే మీలో ఒకరిద్దరు అప్పటికప్పుడే ఎవరో ఒక పసిపిల్లకి తగిలించేస్తారు. ఇప్పటికి తగిలించింది చాలు. మా వీధి చివరి బడిలో ఒకే తరగతిలో ఆ పేరుగల పిల్లలు ముగ్గురున్నారట. టీచరు వాళ్ళని పొడుగుది, పొట్టిది, కళ్ళజోడుది అని పిలుస్తోందట. అంత మోజుపడి పేరు పెట్టుకున్నందుకు ఆ తల్లిదండ్రులకి దక్కింది అదీ.

నాకెలా తెలుసంటే, నేను బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తాను. కాగితం పొట్లంలో క్రీము నింపి, కొస కత్తిరించి, ఊపిరి బిగబట్టి రాయాలి. ఈ చుట్టుపక్కల పుట్టిన ప్రతి పిల్ల పేరూ నా చేతి మీదుగా పోవలసిందే. కొత్త పేరు వస్తే మొదటిసారి అక్షరాలు అడిగి తెలుసుకుంటాను, రెండోసారి అడగను. అదే పేరు మరీ ఎక్కువసార్లు వస్తోందనుకోండి, మా ఓనరు దాన్ని ట్రేలోకి ఎక్కిస్తాడు. అంటే బేరాల్లేని మధ్యాహ్నాలు చక్కెర పలకల మీద ఆ పేరు ముందే రాసి ఆరబెట్టి ఉంచాలి. ఆర్డరు రాగానే ఒక పలక తీసి కేకు మీద అతికిస్తే పని అయిపోతుంది. ట్రేలోకి ఎక్కిన పేరు ఇంక పేరు కాదు, బిస్కెట్టు.

మా పెద్దమ్మ పేరు పోయినేడాది ట్రేలోకి ఎక్కింది.

ఏడెనిమిదేళ్ళుగా సాగుతున్న ఏదో సీరియల్లో కోటీశ్వరుడి కూతురికి ఆ పేరు పెట్టారు. ఆ అమ్మాయి మేడమెట్ల మీద నిలబడి ఏడవడం తప్ప ఇంకో పని చేయగా నేను చూడలేదు. అయినా జనానికి పిచ్చెక్కింది. కేకు చెప్పడానికి వచ్చినవాళ్ళు అడక్కపోయినా అర్థం కూడా చెబుతారు. ఒకాయన కళ్ళు మూసుకుని మరీ "వెన్నెల్లో తడిసిన ముత్యం అండీ" అన్నాడు. ముత్యం ఎక్కడ తడిస్తే ఏమిటో నాకు బోధపడలేదు. ఒకావిడ అది వేల ఏళ్ళ నాటి పేరనీ, రాణులు మాత్రమే పెట్టుకునేవారనీ తేల్చేసింది. ఇంకొకామె "చాలా అరుదైన పేరండీ, ఎవరికీ ఉండదు" అని గొప్పలు పోతుంటే, వెనక నిలబడ్డావిడ మొహం మాడిపోయింది. ఆవిడా ఆ పేరు కోసమే వచ్చింది మరి. ఎవరికీ లేని పేరు కోసం వరసకట్టి నిలబడే తెలివి మనుషులకి తప్ప ఇంకే ప్రాణికీ ఉండదు.

ఆ పేరు పుట్టింది బట్టల మిల్లులో, రంగు తొట్టి పక్కన. మా తాత అక్కడ అద్దకం పనిలో ఉండేవాడు. ఒకరోజు సరిగా కడగని తొట్టిలో నీలం కలిపారు. అడుగున మిగిలిన ఎరుపు పైకి తేలి, గుడ్డంతా అటు బూడిద రంగూ ఇటు వంకాయ రంగూ కాని ఒక అవతారంలో బయటికొచ్చింది. మేనేజరు నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టడం అయ్యాక, అంత గుడ్డా పారేయడానికి మనసొప్పక, "దీనికేదో ఒక పేరు పెట్టు, కొత్త రంగని అంటగట్టేద్దాం" అన్నాడు. తాత చేతులు తుడుచుకుంటూ, చెవికి ఇంపుగా ఉంటే చాలనుకుని, ఏ భాషలోనూ లేని ఒక మాట అల్లి చెప్పాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆడపిల్ల పుట్టి ఉంది. పొద్దున్నించీ తిట్లు తిన్న మనిషికి, ఆ రోజు తాను చేసిన పనుల్లో బాగున్నది ఆ పేరొక్కటే అనిపించిందట. అదే పెట్టేశాడు. ఇదీ రాణుల చరిత్ర.

రంగు అమ్ముడుపోలేదు. మిగిలిన తానులు పనివాళ్ళకి పంచిపెట్టారు. పెద్దమ్మ చిన్నప్పటి గౌన్లన్నీ ఆ రంగువే. పేరునీ పిల్లనీ ఒకే తొట్టిలో ముంచి తీశారని బడిలో పిల్లలు ఏడిపించేవారట. పెళ్ళి వయసులో ఒక సంబంధం దాదాపు కుదిరింది. పెళ్ళికొడుకు తల్లి, ఈ పేరు మాకు నోరు తిరగదు, మార్చుకుంటే సరే అంది. "మీ అబ్బాయి పేరు నాకూ నచ్చలేదు, మారుస్తారా?" అంది పెద్దమ్మ. సంబంధం అక్కడితో సరి. అలాంటి వెధవ పేరు పట్టుకు వేలాడతావేమని ఇంటిల్లిపాదీ ముక్కచీవాట్లు పెట్టారు. ఆవిడ మాత్రం వదల్లేదు.

తర్వాత మా అమ్మ పోయింది. నాన్న మరో పెళ్ళి చేసుకుని మమ్మల్ని మరిచిపోయాడు. అన్నయ్యనీ నన్నూ పెంచింది పెద్దమ్మే, లాండ్రీలో నిలువుకాళ్ళ మీద ఇస్త్రీ చేసి. అక్కడి యజమానికీ నోరు తిరగలేదు కాబట్టి, ఆవిడ ఇస్త్రీ చేసే బల్ల లెక్కన "మూడో బల్ల" అని పిలిచేవాడు. తాతా అమ్మమ్మా వెళ్ళిపోయాక ఆ పేరు పెట్టి పిలవగల మనిషి భూమ్మీద మిగల్లేదు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదు కదా మనం. ఆవిడ ఒకరికి అక్క, ఒకరికి అత్త, మాకు పెద్దమ్మ. అందరం కలిసి ఎంతో మర్యాదగా ఆవిడ పేరు మాయం చేశాం.

ఇలా ఉండగా అన్నయ్యకి కూతురు పుట్టింది. మా వదిన బ్యాంకులో పనిచేస్తుంది. ప్రతిదీ ఫోన్‌లో చూసి గానీ నమ్మదు, చూశాక ఇక ఎవరి మాటా వినదు. పేరు పెట్టే రోజు చిన్న పార్టీ అనుకున్నారు. అంతవరకూ పేరు రహస్యమట. కానీ కేకు మీద రాయాల్సినదాన్ని నేను కాబట్టి నాకు చెప్పక తప్పలేదు. బేకరీకి ఫోన్ చేసి, గుసగుసగా చెప్పింది.

నేను వెంటనే అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఆ పేరు ఎవరిదో తెలుసా నీకు?"

"ఎక్కడో విన్నట్టే ఉంది. సీరియల్లో పిల్లది కదూ?"

"నీకు అన్నం పెట్టి పెంచినావిడది."

అవతల వాడు గొంతు సవరించుకున్నాడు. వాడు సిగ్గుపడుతున్నాడని పొరపాటు పడ్డాను. వాడు లెక్క వేసుకుంటున్నాడు.

"మరింకేం, కలిసొచ్చింది. నీ పేరే పెట్టుకున్నాం పెద్దమ్మా అని చెప్పేద్దాం. పొంగిపోతుంది. నువ్వు మాత్రం మీ వదిన్ని గాభరా పెట్టకు."

నాకు ఒళ్ళు మండింది. సీరియల్ చూసి ఏరుకున్న పేరుని గౌరవమని చుట్టి ఆవిడ చేతిలో పెడతాడట. ఆ మాట వాడి మొహాన అనేసి ఫోన్ పెట్టేశాను. కానీ పెద్దమ్మకి ముందే చెప్పడానికి నాకూ నోరు రాలేదు. కేకు సాదాగా చేసి, చక్కెర పలకని విడిగా చిన్న డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాను.

పార్టీ వాళ్ళ హాల్లోనే. బెలూన్లు, అద్దెకి తెచ్చిన కుర్చీలు, బ్యాంకు వాళ్ళు, వదిన వైపు వాళ్ళు. పెద్దమ్మని మూల సోఫాలో కూర్చోబెట్టి ఒళ్ళో పాపని పెట్టారు. అన్నయ్య చప్పట్లు కొట్టి పేరు ప్రకటించాడు. పెద్దమ్మ తల చటుక్కున పైకి లేచింది. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో పిలిచారనుకుంది. ఆ మొహం చూడగానే నాకు ఏడుపొచ్చింది.

"నీ పేరే పెద్దమ్మా! నీ మీద గౌరవంతో పెట్టుకున్నాం!" అన్నాడు అన్నయ్య. నలుగురూ అబ్బో అన్నారు. ఆ సంగతి అప్పుడే వింటున్న వదిన నోరు వెళ్ళబెట్టింది. వెంటనే తేరుకుని ఫోన్ తీసి అర్థం చదివింది. "వేకువలో మొదటి కిరణం అంట అత్తయ్యా."

"కాదమ్మా. అదొక రంగు. చెడిపోయిన రంగు," అంది పెద్దమ్మ.

"ఇందులో ఇలాగే ఉందే," అంది వదిన ఫోన్ చూపిస్తూ.

పెద్దమ్మ పాపని జాగ్రత్తగా తల్లి చేతికి ఇచ్చింది. "బంగారంలా ఉంది పిల్ల. ఇంకో పేరు చూసుకోండి. దీన్ని నేనింకా వాడుకుంటున్నాను."

అన్నయ్య ఇబ్బందిగా నవ్వాడు. నలుగురి ముందూ పరువు పోతోందని వాడి బాధ. ఆ బాధలో అనకూడని మాట అనేశాడు.

"నిన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరున్నారు పెద్దమ్మా?"

"నేనున్నాను," అంది పెద్దమ్మ. "పొద్దున్నే మీకు క్యారేజీలు కట్టి లాండ్రీకి పరిగెత్తేదాన్ని కదా. చలిలో లేవబుద్ధి అయ్యేది కాదు. నన్ను లేపేవాళ్ళెవరు? నా పేరు పెట్టి నన్ను నేనే పిలుచుకుని లేచేదాన్ని. ఇవాళా అలాగే లేచి వచ్చాను."

అన్నయ్య తల దించుకున్నాడు. ఆ ఒక్క పనైనా చేసినందుకు వాణ్ణి మెచ్చుకోవాలి. పెద్దమ్మ నా చేతిలో డబ్బా తీసుకుని, మూత తీసి, పలక మీద తన పేరుని కాసేపు చూసుకుంది. తర్వాత కొస కొరికింది. "చక్కెర ఎక్కువేశావే," అంది నాతో.

వదిన కళ్ళు తుడుచుకుంటూ ఫోన్‌లో ఇంకో అరుదైన పేరు వెతికి పట్టింది. అదీ మా ట్రేలో ఉందని నేను చెప్పలేదు.

ఇద్దరం ఇంటికి వచ్చాం. మేముండేది పై అంతస్తు, లిఫ్టు లేదు. మెట్ల మలుపులో పెద్దమ్మ ఆయాసంతో కమ్మీ పట్టుకుని ఆగింది.

"ఒకసారి పిలువు," అంది.

"ఏమని?"

"ఏమనేమిటే? అన్ని కేకుల మీద రాశావుగా."

కళ్ళు మూసుకుని రాయగల పేరు నాలుక మీదకి వచ్చి ఆగిపోయింది. చివరికి ఎలాగో పేరు చెప్పి, వెనకే పెద్దమ్మా అని చేర్చాను.

"ఆ తోక తీసెయ్."

"నిన్ను పేరు పెట్టి పిలిస్తే కళ్ళు పోతాయి పెద్దమ్మా."

"పోతే పోనీ. నాకు వినపడాలి. గట్టిగా."

ఆవిడ కమ్మీ వదిలి నా వైపు తిరిగి నిలబడింది. నవ్వులాటకి అడగడం లేదని అప్పుడర్థమైంది. ఊపిరి పీల్చుకుని, తోక లేకుండా, మెట్లన్నీ మారుమోగేలా పిలిచాను.

"ఆఁ, ఏంటీ?" అని కింది అంతస్తు గుమ్మంలోంచి ఒక చిన్నపిల్ల తల బయటికి పెట్టి పలికింది.

పెద్దమ్మ కమ్మీ మీంచి కిందికి వంగింది. మొహమంతా నవ్వుతో వెలిగిపోతోంది.

"నిన్ను కాదమ్మా," అంది. "నన్ను."