రెండో ఆధారం

పదిహేడో నంబరు కంప్యూటరు బల్ల కింద అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆ యంత్రానికి ఊరికే స్విచ్చి నొక్కితే సరిపోదు. వెనక ప్లగ్గును బొటనవేలితో ఎడమవైపుకు ఒత్తిపట్టి, లోపల ఫ్యాను కదిలిన చప్పుడు వినబడేదాకా ఊపిరి బిగబట్టాలి. ఊపిరి సంగతి యంత్రానికి పట్టదు, అది అతని అలవాటు. ఫ్యాను తిరిగింది. అతను పాక్కుంటూ బయటికి వచ్చి, మోకాళ్ల మీద లేచి, చొక్కాకు అంటిన బూజు దులుపుకున్నాడు.

ముప్ఫై రెండు యంత్రాలు. తెరలకు తడిగుడ్డ, కీబోర్డులకు పొడిగుడ్డ. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. ముందుకు వంగిన మెడ, చెవుల చుట్టూ మాత్రమే మిగిలిన జుట్టు, చేటల్లా విచ్చుకున్న చెవులు, ఉతికి ఉతికి రంగేమిటో చెప్పలేని చొక్కా. ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. డాక్టరు నొక్కి చూసి కాలికేమీ లేదన్నాడు. పిల్లలు అతన్ని ప్లగ్గు బాబాయి అంటారు, టీచర్లూ అదే అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గాని పలకడు. చెవుడేమోనని కొందరు అనుకుని వదిలేశారు. అతని గురించి ఎవరైనా అంతకంటే ఎక్కువ అనుకున్న దాఖలా లేదు.

గడప బయట చెప్పుల బల్ల ఉంది. దుమ్ము యంత్రాలకు విషమని చేరిన కొత్తలో ఎవరో చెప్పిన మాటను అతను పట్టుకుని వదల్లేదు. హెడ్మాస్టరైనా సరే, బూట్లు విప్పందే లోపలికి రానివ్వడు. ఈ భూమ్మీద అతను చెలాయించిన అధికారం అదొక్కటే. పిల్లలు విసిరేసిన బూట్లను జతలుగా సర్దుతాడు. తన చెప్పులకు కింది అరలో చివరి చోటు, వేళ్లవైపు బయటికి. ఎడమ చెప్పు వారు మూడుసార్లు తెగింది. చివరిసారి, చెడిపోయిన మౌస్ తీగ తీసి తనే కుట్టుకున్నాడు.

పొద్దున బయల్దేరుతుంటే భార్య అడిగింది, కాగితం ఇవాళైనా వస్తుందా అని. ఈ వారంలో అన్నారని చెప్పాడు.

"పోయిన నెల కూడా ఈ వారమనే అన్నారు కదండీ."

"ఇంక సంతకం ఒక్కటే మిగిలింది."

ఇరవై రెండేళ్ల తర్వాత అతన్ని పర్మినెంటు చేస్తున్నారు. పదో తరగతి సర్టిఫికెట్టు చూశారు, పుట్టినతేదీ చూశారు, అన్నీ సరిపోయాయి. ఆ కాగితం వస్తే ఇంక ఎవరూ పొమ్మనలేరు. ఇల్లు కారుతున్నా ఇద్దరూ ఆ కాగితం గురించే మాట్లాడుకునేవారు. భార్య అతని పేరు ఎన్నడూ పలకలేదు, పెళ్లయినప్పటి నుంచీ 'ఏమండీ'యే. ఆమెది మర్యాద. అతనికి మాత్రం అది కలిసొచ్చిన అదృష్టం.

మూడో పీరియడ్ ఎనిమిదో తరగతి. కంప్యూటర్ మేడమ్ కొత్తగా వచ్చిన మనిషి, గొంతు కాస్త పెద్దది, చదువంటే నిజంగానే ప్రాణం. నెల రోజులుగా పిల్లలకు ఇంటర్నెట్‌లో వెతకడం నేర్పుతోంది. మొదట కనబడిందల్లా నమ్మొద్దు, రాసిందెవరో చూడండి, ఎప్పుడు రాశారో చూడండి, ఒకచోట దొరికింది ఇంకోచోట కూడా దొరకాలి, ఆ ఇంకోచోటు మొదటిదాన్ని చూసి రాసింది కాకూడదు. బోర్డు మీద పైన రాసిపెట్టింది: 'ఒక ఆధారముంటే అది మాట. రెండో ఆధారముంటే అది నిజం.' దాన్ని చెరపొద్దని చెప్పింది. అతను రోజూ దాని చుట్టూ జాగ్రత్తగా తుడిచేవాడు.

పిల్లలకు ఆవిడ ఒక పని పెట్టింది. ఇద్దరిద్దరు జట్టుకట్టి, బడిలో పనిచేసే పెద్దవాళ్లలో ఒకరు చెప్పిన సంగతి తీసుకుని, అది నిజమో కాదో తేల్చాలి. కళ్లద్దాల పిల్లా, ఆమె పక్కన కూర్చునే రెండు జడల పిల్లా ప్లగ్గు బాబాయిని ఎంచుకున్నారు. మిగతావాళ్లు టీచర్ల వెంట పడుతుంటే ఈయన ఖాళీగా దొరికాడు, అంతే.

పోయిన వారం విరామంలో వచ్చి అడిగారు, మీ జీవితంలో జరిగిన అన్నిటికంటే పెద్ద విషయమేమిటని. ఇరవై రెండేళ్లలో 'బాబాయ్, ఇది రావట్లేదు' అన్నది తప్ప అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఏమీ లేదమ్మా అని ఊరుకోవాల్సింది. చేతిలో గుడ్డ పక్కన పెట్టి, మెడ నిటారుగా చేసి, లాంచీ మునిగిన సంగతి చెప్పాడు. ఏ నది, ఏ ఏడు, ఎంతమంది, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో కూడా చెప్పాడు. "నేను ఈదుకుంటూ బయటపడ్డాను," అన్నాడు. కళ్లద్దాల పిల్ల తలెత్తకుండా రాసుకుంది. చెబుతున్నంతసేపూ అతను తనెవరి పేరుతో తిరుగుతున్నాడో మరిచిపోయాడు. ఆ పేరూ, తండ్రి పేరూ పిల్లలు ఆఫీసు గోడ మీది సిబ్బంది పట్టికలో చూసి ఎక్కించుకున్నారు.

ఇవాళ ఒక్కో జట్టూ ముందుకొచ్చి తమకు దొరికింది గోడ మీది పెద్ద తెరకు వేసి చూపించాలి. ప్రొజెక్టరు ప్లగ్గు వదులు. బొమ్మ నిలబడాలంటే ఎవరో ఒకరు దాన్ని నొక్కి పట్టుకోవాలి. ఎవరో ఒకరు అంటే అతనే. గోడకు ఆనుకుని, బొటనవేలు ప్లగ్గు మీద పెట్టి నిలబడ్డాడు. మేడమ్ పిలవగా హెడ్మాస్టరు కూడా వచ్చి, మేజోళ్లతో వెనక వరసలో కూర్చున్నాడు.

బడి గంట ఓడలోంచి తెచ్చిందన్న మాట అబద్ధమని మొదటి జట్టు తేల్చింది. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. తర్వాత కళ్లద్దాల పిల్ల లేచింది.

"లాంచీ మునిగిన మాట నిజమే మేడమ్. రెండు ఆధారాలు దొరికాయి."

చప్పట్లు కొట్టారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"కానీ బాబాయి బయటపడలేదు మేడమ్."

తెర మీదికి ముప్ఫై మూడేళ్ల నాటి పత్రిక పేజీ వచ్చింది. పాత పత్రికలను ఫొటోలు తీసి భద్రపరిచిన చోట దొరికిందట. చనిపోయినవారి జాబితాలో ఏడో వరస కింద పసుపు గీత గీశారు. అతని పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు పదిహేడు.

గదంతా గొల్లున నవ్వింది. వెనక నుంచి ఎవడో "బాబాయ్, మీరు దెయ్యమా?" అన్నాడు. ఇంకొకడు, పేరు పెట్టి పిలిస్తే పలకనిది అందుకేనన్నాడు. మేడమ్ కూడా నవ్వాపుకోలేకపోయింది. తర్వాత చేతులు తట్టి, ఒకే పేరు చాలామందికి ఉంటుంది, ఒక్క జాబితా చూసి మనిషిని చంపేస్తామా, రెండో ఆధారమేది అని అడిగింది.

"ఉంది మేడమ్."

వేరే పత్రిక, మర్నాటిది. ఒడ్డున ఒక ముసలాయన, పక్కన దుప్పటి కప్పుకున్న పిల్లవాడు. కింద రాసినదాన్ని రెండు జడల పిల్ల పాఠం అప్పజెప్పినట్టు చదివింది. చనిపోయింది పెద్దకొడుకు, నిరుడే పదో తరగతి పాసైనవాడు. ఆరో తరగతి తప్పి బడి మానేసిన చిన్నకొడుకు, పద్నాలుగేళ్లవాడు, చెక్క పట్టుకుని ఒడ్డు చేరాడు. దుప్పటిలోంచి రెండు చెవులు చేటల్లా బయటికి కనబడుతున్నాయి.

అతని బొటనవేలు జారింది. గోడ తెల్లబడింది.

"బాబాయ్, పోయింది," అని గదంతా ఒక్కసారి అరిచింది. వేలు దానంతట అదే వెళ్లి మళ్లీ నొక్కింది. పిల్లవాడు మళ్లీ గోడ మీదికి వచ్చాడు. ఇరవై రెండేళ్ల అలవాటు మరి, అడిగితే కాదనలేదు.

చెక్క ఒక్కటే దొరికింది. అన్న చేయి కింద నుంచి అతని ఎడమ పాదం పట్టుకుంది. అతను కాలు విదిలించాడు. చేయి వదల్లేదు. రెండోసారి విదిలిస్తే వదిలింది. పత్రికలో అది లేదు, ఏ పత్రికలోనూ దొరకదు. ఆ సాయంత్రం ఒడ్డు మీద తండ్రి అతన్ని పైనుంచి కిందికి చూసి, "పాసైనవాడు పోయాడు, ఫెయిలైనవాడు మిగిలాడు," అన్నాడు. నాలుగేళ్ల తర్వాత ఊరు మారాక పెట్టె తెరిచి అన్న సర్టిఫికెట్టు చేతిలో పెట్టాడు. వాడి కాగితమైనా బతకనీ అన్నాడు. తల్లి ఏడాదిపాటు నోరు తిరగక ఇబ్బంది పడి, తర్వాత అలవాటైపోయి, చనిపోయేదాకా అతన్ని పెద్దవాడి పేరుతోనే పిలిచింది.

కళ్లద్దాల పిల్ల దగ్గరికి వచ్చింది. కాగితం మీద ఒక గడి ఇంకా ఖాళీగా ఉంది. ఆమె కళ్లలో ఏ దుర్మార్గమూ లేదు, పెన్ను మాత్రం సిద్ధంగా ఉంది.

"మరి మీరెవరు బాబాయ్?"

"చిన్నవాణ్ని," అన్నాడు.

ఆమె రాసుకుంది. వెతకడమంటే ఇదీ అని మేడమ్ పదికి పది ఇచ్చింది. ఆ తర్వాతే, వెనక వరసలో హెడ్మాస్టరు లేచి నిలబడి ఉన్న సంగతి చూసింది.

ఆఫీసు గదిలో హెడ్మాస్టరు కేకలు వేయలేదు. ఇన్నేళ్లూ నువ్వు అన్న మనిషి ఇవాళ మీరు అన్నాడు.

"తాళాలు అక్కడ పెట్టి మీరు వెళ్లొచ్చు. పోలీసుల దాకా వద్దనుకుంటున్నాను."

"ఇరవై రెండేళ్లు చేశాను సార్."

"ఎవరు చేశారు?" అన్నాడు హెడ్మాస్టరు. వ్యంగ్యమేమీ లేదు, నిజంగానే అడిగాడు. "ఇరవై రెండేళ్లూ ఆయన పేరు మీదే ఉన్నాయి. మీ పేరు మీద ఈ బడిలో ఒక్క రోజు కూడా లేదు."

సంతకం కోసం వచ్చిన కాగితం బల్ల మీదే ఉంది. హెడ్మాస్టరు దాన్ని తిరగేసి, టీ గ్లాసు కింద పెట్టాడు. సాయంత్రం యంత్రాలన్నీ వరసగా ఆపి వెళ్తానని అతను అడిగాడు. అక్కర్లేదు, గుమాస్తా చూసుకుంటాడన్నారు.

అతను తిరిగి వచ్చేసరికి ల్యాబులో తొమ్మిదో తరగతి కూర్చుంది. సర్దేవాడు లేక బూట్లన్నీ బల్ల మీదా కిందా కుప్పగా పడి ఉన్నాయి. అతని చెప్పులు ఎక్కడో అడుగున ఉన్నాయి. వంగి రెండు బూట్లు పక్కకు తీశాడు. లోపలి నుంచి, పదిహేడు రావట్లేదు మేడమ్ అని ఎవరో అన్నారు. ప్లగ్గు బాబాయి ఏడీ అన్నారు ఇంకెవరో. దానికి సన్నగా నవ్వులు లేచాయి. సంగతి అప్పటికే తొమ్మిదో తరగతి దాకా పాకింది. అతను తీసిన రెండు బూట్లనూ జతగా పెట్టి, లేచి, వట్టి కాళ్లతో కంకర మీద నడిచి వెళ్లిపోయాడు. ఎడమ కాలు ఎప్పటిలాగే ఈడుస్తున్నాడు.

ఆ రోజు ఇంటికి చేరలేదు. మర్నాడూ చేరలేదు. మూడో రోజు భార్య బడి గేటు దగ్గరికి వచ్చింది. ఎవరి కోసమని అడిగితే మా ఆయన కోసమంది. మీ ఆయనంటే ఎవరని గుమాస్తా విసుక్కున్నాడు. ఆమె పళ్లతో కరిచిపట్టిన కొంగు వదిలి, పెళ్లయ్యాక మొదటిసారిగా భర్త పేరు పైకి పలికింది. గుమాస్తా రిజిస్టరు తిప్పాడు. అందులో ఎర్ర సిరాతో కొట్టివేత ఉంది.

"ఆ పేరు గలాయన చనిపోయాడమ్మా."

"ఎప్పుడండీ?"

"ముప్ఫై మూడేళ్లయింది."

చెప్పి, పక్కనున్నవాడి వంక చూసి నవ్వు దాచుకున్నాడు. ఆమె ఏడవలేదు. లెక్క అర్థం కాక, ఎండలో చాలాసేపు నిలబడి వెళ్లిపోయింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

చివరి గంట కొట్టారు. పిల్లలు తోసుకుంటూ వచ్చి ఎవరి బూట్లు వాళ్లు ఏరుకున్నారు. కుప్ప తరిగి తరిగి బల్ల ఖాళీ అయ్యాక, కింది అర చివర ఒక జత చెప్పులు, వేళ్లవైపు బయటికి, ఎడమదాని వారు మీద మౌస్ తీగ ముడి ఇంకా గట్టిగానే ఉంది.