పద్నాలుగో స్తంభం

ఉల్మెకెన్ సుత్తితో కొట్టి, చెవి ఒగ్గి విని, సుద్దముక్కతో సున్నా చుట్టి పక్క స్తంభానికి జరిగింది. ఓడలకు ఉప్పు మోసే బెల్టు కింద ముప్పై ఆరు ఇనుప స్తంభాలు. తుప్పు ఎంత తిన్నదో చూడడం, ఎక్కడ బలం చేకూర్చాలో రాయడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. ఆమె రాయడమే గాని, ఎవరూ చేసిన పాపాన పోలేదు. పైనుంచి ఉప్పునీరు మెడ మీద కారుతోంది. స్తంభాల మొదట్లో సముద్రపక్షుల రెట్ట, సిగరెట్ పీకలు, నమిలి ఉమ్మిన పొగాకు ముద్దలు. అన్నీ ఊడ్చి పక్కకు నెట్టింది. పొద్దుటి నుంచి ఎడమచెయ్యి లాగుతోంది. బకెట్టు బరువని సరిపెట్టుకుంది.

పద్నాలుగోది నిగనిగలాడుతోంది. నిన్న తను సుద్దతో చుట్టిన చోట ఇవాళ నీలిరంగు. రేపు తనిఖీ బృందం వస్తోంది మరి! కొట్టి చూసింది. తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టు మోగీ మోగనట్టుంది. గోకితే రంగు కింద లప్పం, లప్పం కింద కుక్కిన పాతగుడ్డలు, వాటి వెనక చెమ్మ పట్టిన తుప్పుపెచ్చులు. ఆ కంపుకు మొహం తిప్పుకుని, ఒళ్లు మండి ఇంకో దెబ్బ వేసింది. సుత్తి తల లోపలికి దూరిపోయింది. లాగబోయి మానుకుంది. అదక్కడ ఉంటే మళ్లీ లప్పం పెట్టలేరు.

ఉప్పు ఏరే ఆడవాళ్లు పద్దెనిమిది మంది రోజూ ఈ స్తంభం పక్కనుంచే భోజనానికి పోతారు.

మేస్త్రీ కువానిష్ పరుగున వచ్చాడు. "ఏంటాపా, కొత్త రంగంతా పాడు చేశావు?" రేవులో ఆ పెద్దావిడ అందరికీ ఆపాయే, అంటే అక్కే.

"రంగట రంగు! శవానికి పౌడరు. బెల్టు ఆపు."

"ఓడ నిలబడుంది. రేపు పైన ఓ రేకు అతికించేస్తాలే."

"దేనికి అతికిస్తావురా, తుప్పుకా? వెల్డింగ్ నిప్పు తగిల్తే ఉన్నది కూడా పోద్ది. ముందు జాకీలతో బరువెత్తి ఊతలు పెట్టు. చెడిందంతా కోసి, గట్టి ఇనుము దొరికాక అతుకు."

"రెండ్నెల్లలో రిటైరైపోతావు. నీకెందుకీ గోల?"

"మీ పూతలు చూస్తే వాంతొస్తోంది. ఆ పూతల కాగితాల కింద నా సంతకాలు చూసుకున్నా అంతే."

బకెట్టు బోర్లించి స్తంభం పక్కనే కూర్చుంది. ఫ్లాస్కులోని పాల టీ గిన్నెలో వంచుకుంది. కింద ఎవరైనా కదలకుండా కూర్చుంటే బెల్టు ఆపి తీరాలని రేవు నియమం. కుర్రవాడైతే కాలరు పట్టి ఈడ్చేవాడు కువానిష్. ఆపా మీద చెయ్యెలా వేస్తాడు?

ఆడవాళ్లు వచ్చారు. "గుడ్లు పొదుగుతున్నావా ఆపా?" అంది ఒకతె.

"పిల్లలైతే నీకే పంపిస్తా. అటు చుట్టూ తిరిగి పోండి."

ఆమె ఒళ్లో నూనెలో వేయించిన పిండి బౌర్సాక్‌లు రెండు పడేసి, నవ్వుకుంటూ చుట్టూ తిరిగి పోయారు.

రెండు గంటలు చూసి, తిట్టుకుంటూనే కువానిష్ జాకీలు తెప్పించాడు. స్తంభానికి అటూ ఇటూ ఊతలు లేచాయి. "ఇంకాస్త... చాలు," అంది ఉల్మెకెన్. పైన బెల్టు మూలిగి, సర్దుకుంది.

"ఇక లే ఆపా. నీ మాటే నెగ్గింది," అన్నాడు కువానిష్.

ఆమె లేవలేదు. గిన్నెలో టీ మీద మీగడ కట్టింది. అతడు భుజం తట్టి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, టోపీ తీశాడు.

మర్నాడు తనిఖీవాళ్ల కంటే ముందే రంగులవాళ్లు వచ్చారు. ఊతలకు పూశారు. స్తంభానికి పూశారు. అందులో దిగబడ్డ సుత్తిని లాగే ఓపిక లేక, దాని కర్రపిడికీ నీలిరంగు పూసి పోయారు.