రొట్టె దువాకు ఆమీన్

మా ఆయన ఖాదర్‌వలి నన్ను బతికుండగానే చంపేశారు. అదీ తెలుగు సంఘం సభలో, మైకు పట్టుకుని, సమోసాలు పంచకముందే. ఎలా చంపారో మొదటినుంచీ చెబుతాను.

మాది కడప జిల్లా, దూదేకుల వాళ్లం. నమాజు అరబ్బీలో చేస్తాం గానీ తిట్టుకున్నా ఏడ్చుకున్నా తెలుగే. మా ఆయన ఇక్కడ నిజ్వాలో, కాలేజీలో ఇంగ్లీషు చెబుతారు. ఒమాన్ వచ్చాక ఆయనకు తెలుగంటే నామోషీ పట్టుకుంది. హైదరాబాదు వాళ్లు కనిపిస్తే చాలు, ఉర్దూ అందుకుంటారు. ఆ ఉర్దూ విని వాళ్లే జాలిపడి ఇంగ్లీషులోకి మారతారు.

శుక్రవారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఆడవాళ్లు చేరేవారు. అందరూ అరబ్బుల ఇళ్లల్లో పనిచేసే మా సీమ వాళ్లే. వారానికి ఆ ఒక్క పూటే సెలవు. అరబ్బీ దువా, అంటే ప్రార్థన, ఒక్కరికీ అర్థం కాదు. అందుకని మా అవ్వ నేర్పిన తెలుగు దువాలు నేను ఒక్కో మాటా చెబుతుంటే, మాట మాటకూ వాళ్లు ఆమీన్ అనేవారు. కడుపుతో ఉన్నవాళ్లకొకటి, ప్రయాణానికొకటి, రొట్టెల పిండి కలిపేటప్పుడొకటి. గురవమ్మ మా మతం కాదు, అయినా ఆమీన్ అందరికంటే గట్టిగా అనేది. బిడ్డల్ని ఊళ్లో వదిలి వచ్చినవాళ్లు అక్కడ కాసేపు కడుపారా ఏడ్చి, ముక్కు తుడుచుకుని, టీ తాగి వెళ్లేవారు. "ఈ పూట లేకపోతే వారమంతా ఎట్ల గడుస్తాదక్కా?" అనేది అస్రా. ఊళ్లో వదిలొచ్చిన దాని బిడ్డకు ఇంకా మాటలు రాలేదు.

రంజాను దాటగానే ఆ పూటకు మా ఆయన తాళం వేశారు. కోపమొస్తే ఆయనకూ సీమ తెలుగే వస్తుంది.

"తెలుగులో దువా ఏంది నసీమా? పక్క ఫ్లాటోళ్లు ఇంటే మనల్ని ఏమనుకుంటారు? అర్థం కాకపోయినా అరబ్బీలోనే సదవాల."

"అర్థం కానిదానికి ఏడుపెట్ల వస్తాదండీ?"

"ఏడ్సేకి దేవుడెందుకు? ఉల్లిగడ్డలు కోసుకో."

ఆడవాళ్లు రావడం మానేశారు. ప్రతి శుక్రవారం అస్రా ఫోన్ చేసి, "ఈ వారమూ లేదా అక్కా?" అని పెట్టేసేది. నాకు ఒళ్లు మండేది. అంతకంటే ఎక్కువగా బాధేసేది.

సరిగ్గా అప్పుడే మా ఆయనకు యూదు ఆడవాళ్ల మీద అభిమానం పుట్టింది. తెలుగు సంఘం వాళ్లు ఉపన్యాసం ఇమ్మన్నారు. ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేని విషయం కావాలి కనుక ఆయన మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి యూరప్‌కు వెళ్లిపోయారు. అక్కడి యూదులకు ప్రార్థన భాష హీబ్రూనట. అది ఎక్కువగా మగపిల్లలకే నేర్పేవారట. ఆడవాళ్లు ఇంటి భాష యిద్దిష్‌లో ప్రార్థనలు చెప్పుకున్నారట, చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చు కూడా వేశారట. దీపం పెట్టేటప్పుడొకటి, కాన్పుకొకటి, రొట్టెల పిండి చిటికెడు తీసి నిప్పులో వేసేటప్పుడొకటి. చదువు వచ్చిన ఒక ఆడమనిషి ముందు చెబుతుంటే మిగతావాళ్లు ఆమె వెంట చెప్పేవారట.

అన్నం తింటూ ఇదంతా నాకే వినిపించారు. "ఇంటి భాషలో దేవునితో మాట్లాడడం! ఎంత ధైర్యం!" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను పప్పు వడ్డించాను. గరిటె ఆయన నెత్తిన పడలేదంటే అది మా అవ్వ పెంపకం.

"కొన్ని పుస్తకాలు మగోళ్లే రాసి ఆడోళ్ల పేర్లు పెట్టినారంట" అని నవ్వారు.

"ఎందుకట్ల?"

"ఆడోళ్లు ఏమడగాల్నో మగోళ్లకే బాగ తెలుసు గదా."

సభ శుక్రవారం సాయంత్రం. కుర్చీలు ఖాళీగా ఉంటే పరువు పోతుందని, "నీ ఆడోళ్లను పిల్సకరా" అన్నారు. పిలుచుకెళ్లాను. వెనక వరుసలు నిండాయి. గురవమ్మ సమోసాల కోసం వచ్చింది, అస్రా నా కోసం వచ్చింది.

ఉపన్యాసం బాగానే సాగింది. చివర్లో ఆయన గొంతు తగ్గించారు. "ఇలాంటి సంపద మన సీమలోనూ ఉండేది. నేను ఎండనక వాననక పల్లెలు తిరిగి, ఒక దూదేకుల అవ్వ నోట ఒక రొట్టె దువా సేకరించాను. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమెతోనే ఆ సంప్రదాయమూ కన్నుమూసింది."

సభ నిట్టూర్చింది. ఆయన తిరిగిన పల్లెలన్నీ మా వంటింటి గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆ చనిపోయిన అవ్వ ఆ పొద్దున కూడా ఆయనకు రొట్టెలు కాల్చి పెట్టింది.

కాగితం చూసి చదవసాగారు.

"అల్లా సామీ, ఈ పిండిలో నీళ్లు కలిసినట్ల ఇంటిల్లిపాదీ కలిసుండాల."

"ఆమీన్" అన్నాయి వెనక వరుసలు. అలవాటు మరి.

ఆయన ఉలిక్కిపడ్డారు. ముందు కూర్చున్నవాళ్లు ఇదంతా ముందే చేసిన ఏర్పాటనుకుని చప్పట్లు కొట్టారు. దాంతో ఆయనకు హుషారొచ్చింది.

"పెనం సల్లారకముందే ఆకలైనోళ్లు నా గడప తొక్కాల."

"ఆమీన్!"

"నా పతి పలుకే నాకు పరమ శాసనం కావాలి."

ఒక్క నోరూ లేవలేదు. పతి అనే మాట మా ఇళ్లల్లో టీవీ తప్ప ఎవరూ అనరు. ఆయన ఆగి, ఆమీన్ కోసం చూశారు. మళ్లీ చదివారు, ఇంకాస్త గట్టిగా.

"అట్ల గాదు సారూ, తప్పు సెప్తాండావు" అంది గురవమ్మ. "నసీమక్కా, నువ్వు సెప్పు."

నేను లేవలేదు. కూర్చున్నచోటినుంచే చెప్పాను. "ఇంటాయన కోపం ఈ రొట్టె మాదిరి పొంగినట్టే పొంగి అణిగిపోవాల."

"ఆమీన్!" ఈసారి ముందు వరుసల్లోని ఆడవాళ్లు కూడా అన్నారు. అస్రా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. దాని నవ్వు చూసి ఎన్ని వారాలైందో.

ఇంటికి రాగానే రొట్టె పొంగింది. "నలుగురిలో నా పరువు తీసినావు! ఇంగ శుక్రవారం ఒక్కతి ఈ గడప తొక్కితే సూడు!"

"సచ్చిపోయిన ముసలిదాని మీద ఎందుకండీ అరుస్తారు?" అన్నాను. "ఆ అవ్వది ఏ ఊరని రేపు జనం ఫోన్లు చేస్తారు. ఏం చెప్తారో ఆలోచించుకోండి."

ఆయన వెంటనే తన ఫోన్ ఆపేశారు.

తర్వాతి శుక్రవారం ఆడవాళ్లు వచ్చారు. ఆయన పడకగదిలో తలుపేసుకున్నారు. రొట్టె దువా మొదలుపెట్టాను. ఇంటాయన కోపం అనే మూడో మాట దగ్గర తలుపు వైపు తిరిగి, ఆయనకు వినపడేలా రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఆడవాళ్లంతా ఆమీన్ అన్నారు.